లాభం, రెండు, మూడు

కల్లంలో ధాన్యం కొలిచే రోజున మా తాతగారి నులకమంచం పక్కనే నా చోటు. కొలిచే మనిషి రాశికి దణ్ణం పెట్టి, కుంచం ముంచి ఎత్తి, మొదటి కొలతకు గొంతెత్తి ‘లాభం’ అనేవాడు. ఒకటి అనేవాడు కాదు. లాభం, రెండు, మూడు... అలా సాగేది లెక్క. ఒకటి అంటే ఒంటిగా మిగిలిపోతామని నాయనమ్మ చెప్పేది. నా చూపు మాత్రం కుంచం అంచు మీద ఉండేది. మా గాదెకు వెళ్ళే కుంచంలో గింజలు అంచు దాటి గోపురంలా నిలిచేవి. చాకలికీ మంగలికీ వడ్రంగికీ మేరలు కొలిచేటప్పుడు అదే కుంచం, అదే చెయ్యి. కాని అరచెయ్యి ఒక్కసారి అంచు మీదుగా జారేది, గోపురం రాశిలోకి రాలిపోయేది. లెక్కలో ఇదీ కుంచమే, అదీ కుంచమే. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేనూ అనలేదు.

ఆ అరచెయ్యి నాకు మళ్ళీ కనిపించింది ముప్పై ఏళ్ళ తర్వాత, ఇరవై పుటల ఇంగ్లీషు వ్యాసం ఒకదానిలో. పేరు ‘అసమానతను కొలవడం గురించి’. 1970లో ‘జర్నల్ ఆఫ్ ఎకనామిక్ థియరీ’లో అచ్చయింది. రాసినవారు ఆంథనీ అట్కిన్సన్, తోటివాళ్ళకు టోనీ. 1944లో వేల్స్‌లోని కేర్లియన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో గణితంతో మొదలుపెట్టి ఆర్థికశాస్త్రానికి మారారు. పిహెచ్‌డి జోలికి వెళ్ళలేదు. ఈ వ్యాసం వచ్చేనాటికి ఇరవయ్యారేళ్ళు నిండీ నిండని వయసు. అప్పటి నుంచి 2017 జనవరి 1న కన్నుమూసేదాకా పన్నులు, పేదరికం, సంక్షేమం, ఆదాయాల మధ్య దూరం, ఈ నాలుగింటి చుట్టూనే తిరిగారు.

ఆర్థికశాస్త్ర వ్యాసానికి రసవిమర్శ ఏమిటని నవ్వేవారు నవ్వవచ్చు. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన పద్యాల్లో పెట్టిన భాష మనది. లెక్కలో రసం ఉండదని ఇంకెవరైనా అనవచ్చు గాని తెలుగువాడు అనకూడదు. పైగా నేను ఈ వ్యాసాన్ని చదివింది సమాచారం కోసం కాదు. మొదటిసారి అర్థం కాక చదివాను, రెండోసారి అర్థమై చదివాను, ఆ తర్వాత ప్రతిసారీ ఆనందం కోసం చదివాను. మంచి పద్యంతో మనం చేసే పని అదే కదా.

ముందు ఆయనకు దొరికిన సామగ్రి చూడాలి. 1905లో మ్యాక్స్ లోరెంజ్ అనే అమెరికన్, అప్పటికింకా విద్యార్థి, ఒక బొమ్మ గీశాడు. దేశంలోని జనాన్నంతా పేదవాడి నుంచి ధనవంతుడి దాకా ఒకే వరసలో నిలబెట్టండి. పేద కొస నుంచి నడుస్తూ, ఇప్పటిదాకా దాటివచ్చిన వాళ్ళందరికీ కలిపి దేశాదాయంలో ఎంత వాటా వచ్చిందో చుక్క పెడుతూ పొండి. అందరి ఆదాయమూ ఒకటే అయితే చుక్కలు ఒక మూల నుంచి ఎదుటి మూలకు తిన్నగా పోతాయి. కాదు గనక గీత కిందికి వేలాడుతుంది. పెరట్లో బట్టలారేసిన దండెం గుర్తు తెచ్చుకోండి. తడిబట్ట బరువెక్కేకొద్దీ తాడు ఎంత సాగుతుందో, పైవాళ్ళ వాటా పెరిగేకొద్దీ గీత అంత సాగుతుంది. వందేళ్ళు దాటినా ఈ బొమ్మకు మించిన బొమ్మ రాలేదు. దేశం మొత్తం ఒక్క వంపులో కనిపిస్తుంది.

తర్వాత 1912లో ఇటలీవాడు కొర్రాడో జీని వచ్చి ఆ వంపుకూ తిన్నని గీతకూ మధ్య ఉన్న జాగాను కొలిచి ఒక అంకెగా మార్చాడు. సున్నా అంటే సమానత్వం, ఒకటి అంటే మొత్తం ఒక్కడి చేతిలో ఉన్నట్టు. పత్రికల్లో నేటికీ కనిపించే జీని సూచిక ఇదే. వాడుకకు సులువు, అందుకే నిలిచింది. అయితే తాడు పేద కొస దగ్గర బాగా సాగిందా, ధనిక కొస దగ్గర సాగిందా అన్నది ఆ అంకె చెప్పదు. రెండు దండేల కింద జాగా సమానమైతే రెండు దేశాలూ దానికి ఒకటే. ఒక దేశంలో అడుగువాళ్ళ కంచం ఖాళీగా ఉండవచ్చు, మరో దేశంలో పైవాళ్ళ భోషాణం నిండిపోయి ఉండవచ్చు. తేడా చూడదు.

1920లో హ్యూ డాల్టన్ అనే ఇంగ్లీషు పండితుడు దీన్ని పసిగట్టాడు. అసమానత కొలతల వెనక సంక్షేమం గురించిన ఊహ ఏదో ఉంటుంది, దాన్ని బయటపెట్టి మాట్లాడుకుందాం అన్నాడు. మాట అలాగే ఉండిపోయింది, ఆయన రాజకీయాల్లోకి వెళ్ళి బ్రిటన్ ఆర్థికమంత్రి అయ్యాడు. (1947లో బడ్జెట్ చదవడానికి సభలోకి వెళ్తూ దారిలో ఒక విలేఖరి చెవిన పన్నుల సంగతి వేసి, పదవి పోగొట్టుకున్నాడు. ఆర్థికశాస్త్రజ్ఞులకూ నోరు జారుతుంది.) ఆ దారం యాభై ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. అట్కిన్సన్ దాని కొస పట్టుకున్నాడు.

ఇక్కడినుంచి నేను నెమ్మదిగా నడుస్తాను, ఎందుకంటే రసమంతా ఇక్కడే ఉంది.

రెండిళ్ళున్నాయనుకుందాం. ఒక ఇంటికి నెలకు 10,000 రూపాయలు, మరో ఇంటికి 40,000. సగటు 25,000. సగటు అనేది అబద్ధం చెప్పదు గాని ఎవరి ముఖమూ చూడదు. అట్కిన్సన్ అడిగిన ప్రశ్న ఇది. ఈ రెండిళ్ళకూ సమానంగా ఒకే మొత్తం ఇచ్చేట్టయితే, ఇప్పుడున్న పంపకంతో సరితూగే మేలు కలగడానికి ఎంత ఇస్తే చాలు? 25,000 అక్కర్లేదు, అంతకంటే తక్కువే చాలు. ఎందుకంటే అవసరంలో ఉన్న ఇంటికి చేరిన రూపాయి, నిండిన ఇంట్లో ఉన్న రూపాయి కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఎంత ఎక్కువ అన్నది? అది మీరు చెప్పాలి. చెప్పడానికి ఆయన ఒక గ్రీకు అక్షరం ఇచ్చాడు, ఎప్సిలాన్. అసమానత మీకు ఎంత బాధ కలిగిస్తుందో ఆ అక్షరానికి అంత విలువ ఇవ్వండి.

సున్నా ఇచ్చారనుకోండి. మీకేమీ బాధ లేదన్నమాట, జవాబు 25,000, సగటే. అర ఇచ్చారు, 22,500 వస్తుంది. ఒకటి ఇచ్చారు, 20,000. రెండు ఇచ్చారు, 16,000. అలా పెంచుతూ పోతే, చివరికి అనంతం దగ్గర, 10,000 దగ్గర ఆగుతుంది. అంటే అందరికంటే కింద ఉన్నవాడి ఆదాయమే మొత్తం సమాజపు ఆదాయమవుతుంది. మిగతా అంతా ఉన్నా లేనట్టే. జాన్ రాల్స్ తన న్యాయసిద్ధాంతాన్ని 1971లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన కొన్ని వందల పుటల్లో వాదించిన స్థానం అట్కిన్సన్ సూత్రంలో ఒక కొస. రెండో కొస సగటును మాత్రమే నమ్మే కోశాధికారి. మధ్యలో మనమందరం.

ఇప్పుడు సగటుకూ ఈ జవాబుకూ మధ్య పోయిన భాగం తీసుకోండి. ఎప్సిలాన్ ఒకటి అన్నవారికి 25,000లో 5,000 పోయింది, అంటే అయిదో వంతు. అదే అట్కిన్సన్ సూచిక, 0.2. ఈ అంకెను మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. ఉన్నదంతా సమానంగా పంచగలిగితే ఇప్పటి ఆదాయంలో నూటికి 80 వంతులతోనే ఇదే మేలు సాధించవచ్చు, మిగతా 20 వంతులు అసమానత తినేస్తోంది. జీని అంకె వినగానే తల ఊపుతాం, ఏమీ అనిపించదు. ఈ అంకె వినగానే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. అంకెలో నష్టం వినిపించడం నేను ఇంకెక్కడా చూడలేదు. కల్లంలో మొదటి కుంచాన్ని ‘లాభం’ అని పిలిచినవాళ్ళకు ఇది తెలుసు. లెక్క మొదలయ్యే చోటే ఒక విలువ మాట ఉంటుందని తెలుసు. ఆ మాటను దాచకుండా పైకే అనేవారు.

దీన్ని ఆలంకారికుల మాటల్లో చెప్పుకోవాలనిపిస్తుంది. ఆనందవర్ధనుడు వాచ్యార్థం కంటే వ్యంగ్యార్థానికి పట్టం కట్టాడు. అట్కిన్సన్ వ్యాసంలో వాచ్యం గణితం. పుట తిప్పినకొద్దీ సమీకరణాలు, పుటాకార ప్రమేయాలు, షరతులు. వ్యంగ్యం ఏమిటంటే, ప్రతి కొలత వెనకా ఒక అరచెయ్యి ఉంది, ఆ చెయ్యి ఎవరిదో చెప్పు అన్నది. ఈ రెండో అర్థం ఎక్కడా గట్టిగా పలకదు. ఆయన ఎవరినీ తిట్టడు. జీని సూచికను వాడేవారు ధనికుల పక్షమని ఒక్కసారీ అనడు. మీరు వాడుతున్న ఆ కొలతకు ఇలాంటి ఊహ ఉంది, మీరు నిజంగా అలా నమ్ముతున్నారా అని మాత్రం అడుగుతాడు. సభలో పెద్దమనిషి చెయ్యి మెల్లిగా పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి అడిగినట్టుంటుంది ఆ స్వరం.

ఇంతకంటే గొప్ప సంగతి, ఎప్సిలాన్ విలువ ఎంత ఉండాలో ఆయన తీర్పు చెప్పడు. ఆ ఖాళీ పాఠకుడిది. సహృదయుడు లేకపోతే కావ్యం పూర్తి కాదని మనవాళ్ళన్నారు. ఇక్కడ సహృదయుడు లేకపోతే సూచికే పూర్తి కాదు. మీ మనసు ఆ చోట పెట్టనిదే అంకె రాదు. శాస్త్రంలో నేనింత మర్యాద ఇంకొకచోట చూడలేదు.

ఆ అక్షరానికి విలువ ఇచ్చేటప్పుడు ఏమి ఒప్పుకుంటున్నామో కూడా చూడాలి. ఒకరి ఆదాయం మరొకరికి రెట్టింపు. పైవాడి దగ్గర రూపాయి తీసి కిందివాడికి ఇవ్వబోతున్నాం, దారిలో కొంత కారిపోతుంది. ఎంత కారేదాకా ఇవ్వడం మంచిదే అంటారు? ఎప్సిలాన్ ఒకటి అన్నవాడు, యాభై పైసలు చేరినా సరే అంటాడు. రెండు అన్నవాడికి పావలా చేరినా చాలు. ఇక్కడ మనవాళ్ళకు 1985లో రాజీవ్ గాంధీ అన్న మాట గుర్తు రాక మానదు, ప్రభుత్వం ఖర్చు పెట్టే రూపాయిలో పదిహేను పైసలే పేదవాడికి చేరుతున్నాయని. ఆ మాటను నలభై ఏళ్ళుగా సంక్షేమం దండగ అనడానికి వాడుతున్నారు. అట్కిన్సన్ కాగితం మీద వేసి చూడండి. పైవాడి ఆదాయం నాలుగు రెట్లు, ఎప్సిలాన్ రెండు అయితే, ఏడు పైసలు చేరినా ఇవ్వడమే మేలు. దొంగతనాన్ని సమర్థించడం లేదు, ఎనభై అయిదు పైసలు మింగినవాణ్ణి పట్టుకోవలసిందే. కాని ఆ దొంగతనం చూపించి పదిహేను పైసలు కూడా ఆపేద్దామన్నవాడు తన ఎప్సిలాన్ ఎంతో చెప్పాలి. నా అనుభవంలో ఆ ప్రశ్న దగ్గర చర్చలు ఆగిపోతాయి.

వ్యాసం చివర ఆయన సిద్ధాంతాన్ని దేశాల మీద పరీక్షిస్తాడు. సైమన్ కుజ్నెట్స్ సేకరించిన లెక్కల్లోంచి పన్నెండు దేశాలు, వాటిలో భారతదేశం ఒకటి. పన్నెండు దేశాలను జంటలుగా కడితే 66 జంటలు. రెండు దండేలు ఒకదాన్నొకటి తాకకుండా పైనొకటి కిందొకటి వేలాడితే ఏ దేశం మేలో అందరూ ఒప్పుకుంటారని, ఒకదాన్నొకటి కోసుకుంటే ఏది మేలో చూసేవాడి మనసును బట్టి మారుతుందని అంతకుముందే గణితంతో రుజువు చేశాడు. ఇప్పుడు చూస్తే ఎక్కువ జంటల్లో గీతలు కోసుకున్నాయి. వరస ఎప్సిలాన్‌తో పాటు మారుతుంది. ఫలానా దేశంలో అసమానత ఎక్కువ అని నిబ్బరంగా రాసిన పుస్తకాలన్నీ ఆ ఒక్క పట్టికతో తలవంచుకున్నాయి. ఆ పట్టిక కింద ఆయన విజయధ్వానం ఏదీ ఉండదు. రెండు పొడి వాక్యాలు రాసి ముందుకు పోతాడు. నాటకంలో పతాకసన్నివేశాన్ని ఇంత నిర్వికారంగా దాటేసే రచయితలు తక్కువ.

దోషం లేదా? ఉంది. దాన్ని పట్టుకున్నది మన అమర్త్యసేన్. 1973లో వచ్చిన తన చిన్న పుస్తకంలో సేన్ ఒక చురక వేశారు. ఎప్సిలాన్ సున్నా అనుకున్నవాడి లెక్కలో ఒకడి చేతిలో మొత్తం, మరొకడి చేతిలో సున్నా ఉన్నా, అసమానత లేదనే జవాబు వస్తుంది. పట్టించుకోకపోవడం వేరు, లేకపోవడం వేరు కదా అని ఆయన ప్రశ్న. కళ్ళెదుట కనిపించే వాస్తవానికీ దాని గురించి మన బాధకూ మధ్య అట్కిన్సన్ గోడ కూల్చేశాడు. ఆ గోడ కొంతైనా ఉండాలని సేన్ పట్టు. ఇద్దరినీ చదివాక నేను సేన్ వాదమే గెలిచిందనుకుంటాను, అయినా మళ్ళీ అట్కిన్సన్‌నే చదువుతాను. తర్కంలో ఓడిన పద్యాన్ని మనం పారేస్తామా?

ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికలు 2010 నుంచి ఇస్తున్న ‘అసమానతతో సవరించిన’ సూచిక ఈ వ్యాసపు బిడ్డే. అక్కడ ఎప్సిలాన్ ఒకటి. ఆ నివేదికలో మన దేశం అంకె ఒక గడిలో ఒకటి, పక్క గడిలో దానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య తగ్గినంతా అరచెయ్యి అంచు మీదుగా జారిపోయిన ధాన్యం.

మనిషి సంగతి కొంచెం. 1965 క్రిస్మస్ రోజుల్లో బ్రయాన్ ఏబెల్-స్మిత్, పీటర్ టౌన్సెండ్ రాసిన ఒక పుస్తకం ఇంగ్లండులో కలకలం రేపింది, సంక్షేమ రాజ్యం వచ్చాక కూడా పేదలు మిగిలే ఉన్నారని. ఆ ప్రభావంతోనే అట్కిన్సన్ 1969లో బ్రిటన్ పేదరికం మీద తన మొదటి పుస్తకం రాశారు. ఏడాది తర్వాత ఈ వ్యాసం. అంటే సమీకరణాల కంటే ముందు పింఛను పుస్తకాలు, పిల్లల భత్యాల లెక్కలు ఆయన చేతికి వచ్చాయి. ఇది తెలిశాక సమీకరణాల్లో ఉన్న వేడి ఎక్కడిదో అర్థమవుతుంది.

ఆయన పేరు మీద ప్రసిద్ధమైన మరో సిద్ధాంతం, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిసి 1976లో రాసినది, నన్నంతగా కదిలించదు. ఆదాయం మీద పన్నును ప్రభుత్వం తన ఇష్టం వచ్చిన వంపులో వేయగలిగితే, కొన్ని షరతుల కింద, వస్తువు వస్తువుకూ వేరువేరు పన్ను రేట్లు అక్కర్లేదని దాని సారాంశం. చక్కగా తాపీ పెట్టి కట్టిన రాతిగోడలా ఉంటుంది. మన జీఎస్టీ గురించి వాదించేవారు దీన్ని తరచూ తలుస్తారు. కాని ఆ షరతు చూడండి. మనవంటి దేశంలో ఆదాయపు పన్ను కట్టేవారు పిడికెడు. ఉప్పూ పప్పూ కొనేవారు అందరూ. ఆదాయం మీద కావలసిన వంపు గీసే పనిముట్టే చేతిలో లేనప్పుడు, వస్తువుల మీద ఒకే రేటు వేయాలన్న ముగింపు నిలవదు. సిద్ధాంతం తప్పు కాదు, దాన్ని వాకిట్లోకి తెచ్చేవారికి తొందర.

చరిత్ర మీద చేసిన పని దగ్గర మళ్ళీ నా గుండె వేగం పెరుగుతుంది.

కాళిదాసు రఘువంశంలో దిలీపుడి పన్నుల గురించి చెబుతూ, సూర్యుడు వేయింతలుగా తిరిగి ఇవ్వడానికే నీరు తీసుకుంటాడని ఉపమానం వేశాడు. ఆ శ్లోకంలో నీటికి ఆయన వాడిన మాట ‘రసం’. పన్ను అంటే రసమని చెప్పిన కవి మనకు ఉన్నాడు, ఇక రసవిమర్శకు అనుమతి అడగనక్కర్లేదు. అయితే కాళిదాసు ఒక్క సంగతి చెప్పలేదు, ఆ వాన ఎక్కడెక్కడ ఎంత కురిసిందన్నది. రాజస్తుతిలో అది అక్కర్లేదు. అట్కిన్సన్ జీవితమంతా ఆ వర్షపాతం పట్టికలు కట్టడానికే పోయింది.

1909 బడ్జెట్‌లో లాయిడ్ జార్జ్ ఇంగ్లండు ధనవంతుల మీద సూపర్ టాక్స్ ప్రతిపాదించాడు. ప్రభువుల సభ ఆ బడ్జెట్‌ను తోసిపుచ్చింది, రెండు ఎన్నికలు జరిగాయి, చివరికి 1911లో ఆ సభ కోరలే పీకేశారు. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ పన్ను వేసినందువల్ల గుమాస్తాలు రాసిపెట్టిన పట్టికల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఏ ఆదాయానికి పైన ఎంతమంది ఉన్నారు, వాళ్ళందరికీ కలిపి ఎంత వచ్చింది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అట్కిన్సన్ ఆ పట్టికలను తాళపత్ర గ్రంథాలు పరిష్కరించేవాడిలా విప్పాడు. పక్కపక్కన పెట్టి, చట్టం మారిన చోట సరిచేసి, తెగిన చోట కలిపి, ఒక శతాబ్దాన్ని ఒకే గీతలో గీశాడు. 1918 దాపుల్లో దేశాదాయంలో సుమారు 19 శాతం నూటికి ఒక్కరి చేతిలో ఉంది. 1970ల చివరికి అది 6 శాతం దాకా దిగింది. 2005 నాటికి మళ్ళీ 14 శాతం దరిదాపులకు ఎక్కింది.

ఈ గీత పల్లెల్లో దిగుడుబావిని గుర్తుచేస్తుంది. ఒకవైపు మెట్లు దిగుతాం, అడుగున కాసేపు నీళ్ళ దగ్గర నిలబడతాం, మళ్ళీ ఎక్కుతాం. దిగుతున్నప్పుడు దిగుతున్నామని ఆ తరానికి తెలియదు. యుద్ధాలు, సంఘాలు, పన్నులు కలిసి దింపాయి. ఎక్కేటప్పుడు మాత్రం కొందరికి తెలుసు, ఎందుకంటే ఎక్కించే చట్టాలు వాళ్ళే రాశారు. ఇది నా మాట, అట్కిన్సన్ ఇంత కటువుగా అనడు.

థామస్ పికెటీ ఫ్రాన్సు పట్టికలు విప్పాడు. ఆయనతో కలిసి అట్కిన్సన్ 2007లో, 2010లో రెండు పెద్ద సంపుటాలు తెచ్చారు. రెండో సంపుటంలో మన అధ్యాయం ఉంది, అభిజిత్ బెనర్జీ, పికెటీ కలిసి రాసినది. 1922 నుంచి 2000 దాకా మన ఆదాయపు పన్ను లెక్కలు. 1950ల్లో నూటికి ఒక్కరి చేతిలో 12, 13 శాతం. 1980ల మొదట్లో 4, 5 శాతం. 1990ల చివరికి మళ్ళీ 9, 10 శాతం. ఇంగ్లండు దిగుడుబావికి మనది తమ్ముడు. 1973-74లో మన దేశంలో అత్యున్నత ఆదాయపు పన్ను రేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. నూరు రూపాయల చివరి ముక్కలో రెండు రూపాయల పావలా మాత్రం ఇంట్లో మిగిలేది. దాన్ని ఎంతమంది నిజంగా కట్టారో, ఎంతమంది నల్లపెట్టెల్లో దాచారో అది వేరే కథ. పన్ను పట్టికలో దాచినవాడు కనిపించడు. ఈ పద్ధతికి అదే పెద్ద లోటు, అట్కిన్సన్ ప్రతి వ్యాసంలోనూ ఆ లోటును ముందే చెప్పి మొదలుపెడతాడు.

2000 తర్వాత మన ప్రభుత్వం ఆ వార్షిక పట్టికలు అచ్చువేయడం మానేసింది. మళ్ళీ బయటికి వచ్చింది 2016లో. దేశంలో కోటీశ్వరులు అన్నిటికంటే వేగంగా పెరిగిన ఏళ్ళకే లెక్క లేదు. దిగుడుబావి మెట్ల మీద అక్కడ దీపం ఆర్పేశారు.

2015లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన ‘అసమానత: ఏం చేయవచ్చు?’ ఆయన సంధ్యాకాలపు పుస్తకం. అప్పటికి డెబ్భై దాటాయి. అందులో పదిహేను ప్రతిపాదనలు. అత్యున్నత ఆదాయం మీద 65 శాతం పన్ను. జీవితకాలంలో వారసత్వంగా, బహుమానంగా వచ్చిన దాని మొత్తం మీద పన్ను. యుక్తవయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం తరఫున కొంత మూలధనం, అంటే తాతలు లేనివాడికి కూడా ఒక తాత. పిల్లలకు భత్యం. కనీస వేతనం మీద పని అడిగినవాడికి పని ఇచ్చే హామీ. 2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక మండుటెండలో చెరువు పూడిక తీసి, దాన్ని కరువు పని అని పిలుచుకునే మన ఊళ్ళ ఆడవాళ్ళకు ఈ చివరిది కొత్తగా ఉండదు.

కొందరు ఈ పుస్తకాన్ని పాతకాలపు సోషలిస్టు చిట్టాగా కొట్టిపారేశారు. నా పేచీ వేరు. 1970 నాటి వ్యాసంలో ఉన్న మౌనం ఇందులో లేదు. అప్పుడు ఎప్సిలాన్ మన చేతికిచ్చి తప్పుకున్నవాడు, ఇప్పుడు తన ఎప్సిలాన్ మనకు చూపిస్తున్నాడు. కళ కొంత తగ్గింది. అయినా ఈ పుస్తకంలో ఒక అందం ఉంది. ప్రతి ప్రతిపాదన తర్వాత, దీనికి డబ్బెక్కడిది, ప్రపంచీకరణలో ఇది సాగుతుందా, ఆర్థికవ్యవస్థ కుంచించుకుపోదా అని తానే పూర్వపక్షం వేసుకుంటాడు, తానే ఓపికగా జవాబు చెబుతాడు. సంపద మీద ఏటేటా పన్ను వేసే మాట మళ్ళీ పరిశీలించాలని కూడా అందులో రాశాడు. అదే 2015లో మన కేంద్ర బడ్జెట్ 1957 నుంచి ఉన్న సంపద పన్నును ఎత్తేసింది. వసూలు ఖర్చుకు తగిన రాబడి లేదన్నారు. అది నిజమే కావచ్చు. కారే కుంచాన్ని మాటు వేయించడం ఒక దారి, పారేయడం ఇంకొక దారి.

ఆయన వాక్యం గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. పొట్టిది. విశేషణాలు దాదాపు ఉండవు. తెలియనిది తెలియదని చెప్పే వాక్యాలు, తెలిసింది చెప్పే వాక్యాలంత శ్రద్ధగా ఉంటాయి. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని రసానికి ప్రాణమన్నాడు. పేదల గురించి రాసేటప్పుడు ఔచిత్యం అంటే ఏమిటో నేను ఈయన దగ్గర చూశాను. కన్నీళ్ళు పెట్టించడు, కోపం తెప్పించడు, పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఆ ఏటి లెక్కలో ఎవరు చేరలేదో రాస్తాడు. అదే ఎక్కువ నొప్పి.

చివరి పుస్తకం ప్రపంచ పేదరికాన్ని కొలవడం గురించి. అది పూర్తికాకుండానే వెళ్ళిపోయారు. జాన్ మికిల్‌రైట్, ఆండ్రియా బ్రాండొలినీ అనే ఇద్దరు సహచరులు చిత్తుప్రతిని పరిష్కరించి 2019లో అచ్చువేశారు. ముందు దాన్ని పట్టుకోకండి. 1970 వ్యాసం తీయండి, సమీకరణాలు వచ్చిన చోట దాటేయండి, మాటలున్న పుటలు చదవండి. ఆ తర్వాత ఒక కాగితం మీద 10,000, 40,000 రాసుకుని, ఎప్సిలాన్ దగ్గర మీ అంకె వేయండి.